ఇంజిన్ మార్చేద్దామా, ఉన్నదాన్నే బాగుచేయిద్దామా?

ఎర్రబండి:
అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతూ కూర్చున్నాను, రాయడం ఇదే మొదలు.

నా దగ్గర మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 ఉంది. 1.6 లీటర్ల ఇంజిన్, 5 గేర్లు. బాడీకి ఎక్కడా తుప్పు లేదు. ఇంజిన్ మాత్రం ముసలిదైపోయింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వెనక నీలం పొగ గుప్పుమంటుంది. వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు ఆయిల్ తాగేస్తోంది. కొత్తలోనే 115 దగ్గర హార్స్‌పవర్ ఉన్న బండి, ఇప్పుడెంత మిగిలిందో దేవుడికే తెలియాలి.

ఎలాగూ ఇంజిన్ దించాలి కదా, మళ్ళీ అదే ఎందుకు ఎక్కించాలి అని బుర్రలో ఒక పురుగు తొలుస్తోంది. ఉన్నదాని సిలిండర్లు బోరు చేయించి, పిస్టన్ రింగులు మార్చడం ఒకటి. తర్వాతి మోడళ్ళలో వచ్చిన 1.8 పెట్టడం ఇంకొకటి. హోండా వాళ్ళ 2.4 లీటర్ల ఇంజిన్ కె24 పెట్టడం మూడోది (నిజం చెప్పాలంటే రాత్రిళ్ళు నేను చూసే వీడియోలన్నీ దీనివే). సొంత షెడ్డుంది, పానాలున్నాయి, ఆదివారాలున్నాయి. రోజూ తిరగడానికి వేరే బండి ఉంది. లాభనష్టాలు చెప్పండి.

నట్టుబోల్టు:
పొగ ఎప్పుడెప్పుడు వస్తోంది? స్టార్ట్ చేసినప్పుడేనా, లాగుతున్నంతసేపూనా? కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూశారా?

వి8_పిచ్చి:
మూడిట్లో ఏదీ కాదు. జనరల్ మోటార్స్ వాళ్ళ ఎనిమిది సిలిండర్ల వి8, ఎల్ఎస్ పెట్టు తమ్ముడూ. సగం పని చేసి ఇంకొంచెం పెద్దది పెట్టి ఉంటే బాగుండేదని ఏడవడం కంటే ఒకేసారి పెద్దది పెట్టేయడం మేలు.

కారిడార్:
వచ్చాడండీ మనవాడు. మొన్న పచ్చగడ్డి కోసే మిషన్ గురించి అడిగినా వి8 పెట్టమన్నాడు.

వి8_పిచ్చి:
నవ్వండి. ఎల్ఎస్1 1997లో కొర్వెట్‌లో వచ్చింది. 5.7 లీటర్లు, 345 హార్స్‌పవర్, అల్యూమినియం బ్లాకు. అందరూ దీన్నే ఎందుకు ఎక్కిస్తారంటే పవర్ ఒక్కటే కారణం కాదు. క్యామ్‌షాఫ్ట్ (వాల్వులని తెరిచే ఇరుసు) బ్లాకు లోపలే ఉంటుంది, హెడ్ల మీద కాదు. కాబట్టి హెడ్లు చిన్నవి, ఇంజిన్ ఎత్తు తక్కువ, వెడల్పు తక్కువ. హెడ్డుకి రెండేసి క్యామ్‌లున్న చిన్న వి8 కంటే ఈ 5.7 లీటర్లదే తక్కువ చోటులో కూర్చుంటుంది. కొలిచి చూసుకోండి.

దారిలో_ఆగినవాడు:
నా పేరు చూశారుగా, కథ కూడా అదే.

నేనూ ఎర్రబండి గారిలాగే మొదలుపెట్టాను. కారు వేరు, ఇంజిన్ వేరు, పురుగు మాత్రం అదే. ఇంజిన్ కొన్న రోజు నుంచి అది తిరిగిన రోజుకి నాలుగు నెలలు. ఆ రోజు వీడియో తీసి తెలిసినవాళ్ళందరికీ పంపాను. అది తీసే నాటికి సగం పని కూడా కాలేదని నాకు తర్వాత తెలిసింది.

ఇంజిన్ తిరగడం వేరు, కారు తిరగడం వేరు. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిపోలేదు, కొత్తది చేయించాను. అది పెట్టాక 80 దాటితే సీటు కింద వణుకు. హీటర్ పైపులు ఒకవైపు, ఇంజిన్ మీద వాటి మూతులు ఇంకోవైపు. స్పీడోమీటర్ సున్నా దగ్గరే పడుకుంది. ఏసీ కంప్రెసర్‌కి చోటే లేదు. ఒక్కోటీ చిన్న పనే, ఒక్కోదానికీ ఒక ఆదివారం. పైగా ప్రతి ఆదివారం ఒక పార్టు తక్కువై ఆగిపోవడం.

రెండేళ్ళు బండి స్టాండ్ల మీదే ఉంది. చివరికి ముక్కలుగా అమ్మేశాను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఇంజిన్ మార్చి చూసి ఉండడు.

సగంలో ఆగిన బండిని కొనేవాడు దొరకడు. అది మాత్రం గుర్తుపెట్టుకోండి.

కారిడార్:
ఆ వణుకు సంగతి తేలిందా చివరికి?

దారిలో_ఆగినవాడు:
తేల్చే ఓపిక అప్పటికే పోయింది సార్.

గ్రీజుచేతులు:
ఆ వణుకు కోణాలది అయ్యుంటుంది. కొత్త మౌంటింగుల మీద ఇంజిన్ తోక కాస్త కిందికో పైకో కూర్చుంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివర్లా ఉన్న క్రాసుల (వంగే కీళ్ళ) దగ్గర కోణాలు సమానంగా, ఎదురెదురుగా ఉంటే ఒకటి తెచ్చిన హెచ్చుతగ్గుని రెండోది కొట్టేస్తుంది. తేడా వస్తే ఆ హెచ్చుతగ్గు మిగిలి వణుకుగా పైకొస్తుంది. 3 డిగ్రీల లోపు ఉంచితే మంచిది. అలాగని సున్నా కూడా ఉండకూడదు, క్రాసులోని సూది బేరింగులు కదలక ఒకేచోట గుంటలు పడతాయి. కోణాల గేజీ పెట్టి కొలిస్తే అరగంట పని. కొలవకపోతే రెండేళ్ళు.

ఎర్రబండి గారూ, మీ విషయానికొద్దాం. ఈ పనులు చాలాకాలంగా చేస్తున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతా.

కె24 తన సొంత కార్లలో అడ్డంగా కూర్చుని ముందు చక్రాలని తిప్పే ఇంజిన్. మీ బండిలో నిలువుగా కూర్చోవాలి. నిలువుగా పెట్టగానే ఆయిల్ చాంబర్ అడుగున క్రాస్ మెంబర్‌కి తగులుతుంది, కాబట్టి చాంబర్ మారాలి. గేర్‌బాక్స్ బోల్టుల రంధ్రాలు కలవవు, మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి. ఫ్లైవీల్, క్లచ్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, మౌంటింగులు అన్నీ కొత్తవి. అదృష్టం ఏమిటంటే మీ కారుకి ఈ కలయిక చాలామంది చేసేశారు కాబట్టి ఇవన్నీ కిట్లుగా దొరుకుతాయి. ఎవరూ చేయని కలయిక జోలికి మాత్రం పోవద్దు, ప్రతి బ్రాకెట్టూ మీరే కనిపెట్టాలి.

అడాప్టర్ ప్లేటు పెట్టాక డయల్ గేజీ పెట్టి గేర్‌బాక్స్ గూడు మధ్యబిందువు క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) మధ్యబిందువుతో కలిసిందో లేదో చూడండి. 0.13 మిల్లీమీటరు దాటితే సర్దాల్సిందే. చూడకుండా బిగిస్తే గేర్‌బాక్స్ ముందు బేరింగు నెమ్మదిగా చస్తుంది, మీరేమో గేర్‌బాక్స్ పాతది అనుకుంటారు.

ఇంకో మాట. 1.6 బండ్ల డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) చిన్నది, లోపల కిరీటం గేరు 6 అంగుళాలే. 1.8 బండ్లకి 7 అంగుళాలది వేశారు. 1.6 తో కలకాలం తిరుగుతుంది, దానికంటే బలమైన ఇంజిన్ పెడితే దాని రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే. కాబట్టి మీ లిస్టులో డిఫరెన్షియల్ రాసుకోండి. దాంతో పాటు సైడ్ షాఫ్టులు, బ్రేకులు, రేడియేటర్. ఇంజిన్‌లో మండిన ఇంధనంలో సుమారు మూడో వంతే పనికొస్తుంది, ఇంకో మూడో వంతు సైలెన్సర్‌లోంచి పోతుంది, మిగతాది రేడియేటరే మోయాలి. పవర్ పెంచితే ఆ మూడో వంతూ పెరుగుతుంది. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు సూది పైకి పోతుంటే వచ్చే టెన్షన్ ఏ పవరూ తీర్చలేదు.

అంచేత ఇంజిన్ ధర తెలుసుకుని దాన్నే ఖర్చు అనుకోవద్దు. ఆ ఖర్చులో ఇంజిన్ చిన్న వాటా.

కారిడార్:
కె కాకుండా హోండా పాత బి సిరీస్ చవకగా దొరుకుతుంది కదా, అది పెట్టొచ్చా?

గ్రీజుచేతులు:
పెట్టొచ్చు, ఐదు రివర్స్ గేర్లు, ఒక ఫార్వర్డ్ గేరు కావాలంటే. బి సిరీస్ క్రాంకు లోకంలోని చాలా ఇంజిన్లకి ఉల్టా తిరుగుతుంది. కె సిరీస్ మాత్రం మామూలు దిశలోనే తిరుగుతుంది.

తీగలపుట్ట:
అందరూ ఇనుము గురించే మాట్లాడుతున్నారు. నేను వైరింగ్ మనిషిని, నా దగ్గరికి వచ్చే బండ్లన్నీ ఇనుము పని పూర్తయి ఆగిపోయినవే.

ఇంజిన్ ఒక్కటీ కొనకండి. ఇంజిన్‌తో పాటు ఈసీయూ (ఇంజిన్ని నడిపే కంప్యూటర్), దాని తాళం చెవి, ఇమ్మొబిలైజర్ రింగు, యాక్సిలరేటర్ పెడలు, ఆక్సిజన్ సెన్సార్లు, పూర్తి వైరింగ్ జడ, అన్నీ ఒకే బండివి తెచ్చుకోండి. చెవిలో చిప్పు, ఈసీయూ ఒకదాన్నొకటి గుర్తుపట్టకపోతే ఇంజిన్ సెల్ఫ్ కొట్టినంతసేపు తిరిగి ఆగిపోతుంది. వైర్లు కత్తిరించేసిన ఇంజిన్ ఎంత చవకగా వచ్చినా వద్దు. ఇంకా కొత్త తరం ఇంజిన్లయితే గేర్‌బాక్స్, ఏబీఎస్, మీటరు బోర్డు అన్నీ ఒకే క్యాన్ లైన్ (కంప్యూటర్లన్నిటినీ కలిపే వైరు జత) మీద మాట్లాడుకుంటాయి. ఒకటి కనిపించకపోతే ఇంజిన్ అలిగి పవర్ తగ్గించేస్తుంది. అప్పుడు విడిగా ప్రోగ్రామ్ చేసుకునే ఈసీయూ పెట్టుకోవడమే దిక్కు, దానికి ట్యూనింగ్ తెలిసినవాడు కావాలి.

మొన్నో బండి వచ్చింది. సెల్ఫ్ కొడితే బద్ధకంగా తిరుగుతోంది, లైట్లు వేస్తే ఇంజిన్ ఆగిపోతోంది. బ్యాటరీ మార్చారు, సెల్ఫ్ మార్చారు. నేను బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టమని యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి వేశాను. చుర్రుమంది. ఇంజిన్ దించినప్పుడు బాడీకి ఉండే ఎర్త్ పట్టీ తీసి పక్కన పెట్టారు, తిరిగి బిగించలేదు. ఇంజిన్‌కేమో కొత్త రబ్బరు మౌంటింగులు. సెల్ఫ్ కరెంటు అంతా ఆ సన్న కేబుల్ గుండానే వెనక్కి పోతోంది. పట్టీ బిగించాను, పది నిమిషాలు పట్టింది.

కాగితాలు:
ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను. ఇంజిన్ నంబరు మారితే రిజిస్ట్రేషన్‌లో మార్పించాలి. కొన్నిచోట్ల ముందే అనుమతి కావాలి. కాలిఫోర్నియాలో అయితే ఎక్కించే ఇంజిన్ బండి మోడల్ సంవత్సరానిదో అంతకంటే కొత్తదో అయి ఉండాలి, దానితో వచ్చిన పొగ నియంత్రణ సామాను మొత్తం దానితో పాటే రావాలి. మీరుండే చోట ఏముందో పని మొదలుపెట్టక ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా తిరిగితే, యాక్సిడెంట్ అయిన రోజున వాళ్ళకి దొరికే మొదటి సాకు మీ ఇంజినే.

వి8_పిచ్చి:
భయపెట్టి చంపేశారు కుర్రాణ్ణి.

పద్దెనిమిది:
నేను 1.6 తీసి 1.8 పెట్టినవాణ్ణి, అందుకే ఈ పేరు. ఇది అందరూ చిన్నచూపు చూసే దారి. వీడియోలు ఎవరూ తీయరు. కానీ గేర్‌బాక్స్ అదే, బోల్టులు నేరుగా కలుస్తాయి, మౌంటింగులు అవే. క్లచ్ మాత్రం 1.6 ది 200 మిల్లీమీటర్లు, 1.8 ది 215, కాబట్టి ఫ్లైవీల్, క్లచ్ రెండూ 1.8 వే వేసుకోవాలి. ఈసీయూ, వైరింగ్ కూడా 1.8 వే తెచ్చుకుని రెండు వారాల్లో రోడ్డెక్కాను.

తేడా ఎంత అంటారా? ప్రాణం లేచొచ్చేంత కాదు. కానీ కింది గేర్లలో లాగుడు బాగుంది, ఎత్తుల మీద గేరు మార్చకుండా పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, మూడేళ్ళ తర్వాత వాటర్ పంపు పోతే అది ఏ బండిదో నాకు తెలుసు. నేనేం చెప్పినా మీరు కె24 నే తలుచుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

పనిలో పని ఒకటి చూడండి. 1991 మధ్య దాకా వచ్చిన 1.6 ఇంజిన్లలో క్రాంకు ముక్కు పొట్టిది. పుల్లీ బోల్టు వదులైతే కీ గాడి అరిగిపోయి టైమింగ్ దారి తప్పుతుంది, ఇంజిన్ నీరసపడుతుంది. ముందు పుల్లీ మీద గాడులు లెక్కపెట్టండి. 4 ఉంటే పొట్టి ముక్కు, 8 ఉంటే పొడుగు ముక్కు. మీది పొట్టిదైతే ఆ ఇంజిన్‌ మీద బోరుకీ రింగులకీ డబ్బు తగలేయడానికి ముందు రెండుసార్లు ఆలోచించండి.

నట్టుబోల్టు:
ఇంత చర్చ అయింది, నేను మొదట అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు. పొగ ఎప్పుడొస్తోంది?

ఎర్రబండి:
క్షమించండి నట్టుబోల్టు గారూ, ఈ వారమంతా మీరు చెప్పిన పనిమీదే ఉన్నాను.

పొగ పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వస్తుంది. ఇంకా, పొడుగాటి దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి వచ్చి కింద మళ్ళీ తొక్కితే అద్దంలో ఒక మేఘం. మామూలుగా లాగుతున్నప్పుడు ఏమీ లేదు. కంప్రెషన్ ఇంజిన్ వేడిగా ఉండగా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూశాను: 172, 170, 168, 173 పీఎస్ఐ. పుల్లీకి గాడులు 8.

నట్టుబోల్టు:
ఈ ఇంజిన్ దించాల్సిన పనే లేదండీ.

నాలుగు సిలిండర్లూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. రింగులు పోయి ఉంటే అంకెలు ఇలా రావు, లాగుతున్నప్పుడు కూడా పొగ వస్తుంది. మీవి పోయినవి వాల్వ్ స్టెమ్ సీళ్ళు. రాత్రంతా హెడ్డులోని ఆయిల్ గైడు వెంట చుక్కచుక్కగా దిగి వాల్వు నెత్తిన కూర్చుంటుంది, పొద్దున మండుతుంది. దిగుడులో థ్రాటిల్ మూసుకుని ఇంజిన్ గట్టిగా పీల్చేటప్పుడూ అదే దారి.

హెడ్డు కూడా విప్పక్కర్లేదు. టైమింగ్ బెల్టు, క్యామ్‌షాఫ్టులు తీయండి. బకెట్లు (క్యామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే గిన్నెలు) ఏది ఎక్కడిదో వరసగా పెట్టుకోండి, కలిపేశారో మీ పని అంతే. పిస్టన్ కిందికి దించి ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు ఒక మీటరు లోపలికి తోసి, చివర మాత్రం బయట ఉంచండి. క్రాంకుని పానాతో నెమ్మదిగా తిప్పితే పిస్టన్ పైకొచ్చి తాడుని వాల్వుల కింద దిండులా అదుముతుంది. ఇక స్ప్రింగు విప్పినా వాల్వు లోపలికి జారదు. పాత సీలు లాగేయండి, కొత్తది నొక్కండి. పదహారు వాల్వులు, ఒక ఆదివారం, మొదటిసారి కాబట్టి రెండు.

ఎర్రబండి:
చదివాక మొదట సంతోషం వేయాలి. నాకు దిగులేసింది. అప్పుడర్థమైంది, పొగ వట్టి సాకు, నాకు కె24 కావాలి, అంతే.

గ్రీజుచేతులు:
ఇదేదో మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే మాకు ఇంత టైపింగ్ తప్పేది. 😀

సరదా కోసమైతే లాభనష్టాల లెక్క వేయడం దండగ, అది ఎప్పుడూ నష్టమే చూపిస్తుంది. కానీ అవసరం కోసం మార్చేవాడికీ సరదా కోసం మార్చేవాడికీ ఒక తేడా ఉంది. రెండోవాడికి తొందర లేదు. ఉన్న ఇంజిన్ బాగుచేసుకుని బండి తిప్పుతూ ఉండండి. పక్కన ఒక్కో పార్టూ పోగేయండి. ముందు బ్రేకులు, డిఫరెన్షియల్ మార్చండి, అవి ఇప్పటి ఇంజిన్‌తో కూడా పనికొస్తాయి. అన్నీ బల్ల మీదికి వచ్చాకే పాతది దించండి. దారిలో_ఆగినవాడు గారి బండి ఆగింది పని చేతకాక కాదు, బండి విప్పేశాక పార్టుల కోసం ఎదురుచూడటం వల్ల.

దారిలో_ఆగినవాడు:
నిజం.

ఎనిమిదివేల_కూత:
నా ఎంఎక్స్-5 లో కె24 ఉంది, మూడో ఏడు నడుస్తోంది. బాగున్నవి అందరూ చెబుతారు కాబట్టి మిగతావి చెబుతా.

బరువు సమస్య రాలేదు. పాత 1.6 బ్లాకు ఇనుము, కె24 ది అల్యూమినియం. పరిమాణం పెరిగినా ముక్కు బరువెక్కలేదు, స్టీరింగ్ అలాగే ఉంది. వి8 బ్రదర్ ఏమీ అనుకోవద్దు, ఎల్ఎస్ అయితే ముందు సబ్‌ఫ్రేమ్ మార్చాలి, గేర్‌బాక్స్‌ని డిఫరెన్షియల్‌తో కలిపే ఆ పొడుగాటి అల్యూమినియం దూలం తీసేయాలి, గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ రెండూ వేరేవి కావాలి. అది ఇంజిన్ మార్పు కాదు, కారు మార్పు.

బాగోలేనిది ఏమిటంటే, బండి స్వభావం మారింది. 1.6 ని తొక్కి పిండి నడిపేవాణ్ణి, మామూలు వేగాల్లోనే సరదా దొరికేది. ఇప్పుడు రెండో గేరులో పూర్తిగా తొక్కితే లెక్కపెట్టేలోపే మూడో గేరు అడుగుతుంది, ఆ సరదా అంతా ఉండకూడని వేగాల దగ్గర ఉంది. గట్టి మౌంటింగుల వల్ల ఐడ్లింగ్‌లో వెనక అద్దం వణుకుతుంది. ప్రతి నెలా ఏదో ఒక క్లిప్పో గొట్టమో సర్దుతూనే ఉంటాను. నాకిష్టమే. మా ఇంట్లోవాళ్ళు మాత్రం ఆ బండిలో దూరప్రయాణానికి రారు.

ఎలాగూ పెడతారు కాబట్టి ఒక్క సలహా. పెట్టే ప్రతి పార్టూ ఏ మోడల్‌ది, పార్టు నంబరు ఎంత, బెల్టు పొడవెంత అని ఒక పుస్తకంలో రాసుకోండి. గొట్టం పగిలి రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు షాపువాడు అడిగే మొదటి ప్రశ్న ‘ఏ బండి?’ అని. దానికి నిజాయితీగా జవాబు చెప్పడం చాలా కష్టం.

కారిడార్:
ఇంతకీ కొనేముందు ఆ వాడిన ఇంజిన్‌ని ఎలా చూసుకోవాలి?

గ్రీజుచేతులు:
బండిలో ఉండగా తిరిగేది చూసి కొనడం ఉత్తమం. అది కుదరకపోతే కనీసం ఆయిల్ మూత తీసి లోపల నల్లటి ముద్ద పేరుకుందా చూడు, చాంబర్ విప్పి అడుగున మెరిసే రజను ఉందా చూడు, సిలిండర్లలోకి గాలి పెట్టి ఎంత లీకవుతోందో (లీక్‌డౌన్) చూడు. ఎక్కించేముందే వెనక ఆయిల్ సీలు, వాటర్ పంపు, థర్మోస్టాట్, గ్యాస్కెట్లు మార్చెయ్. బయట ఉండగా అయితే గంటలో అయ్యే పని, ఎక్కించాక అయితే మళ్ళీ దించాలి.

ఎర్రబండి:
మూడు వారాల తర్వాత వస్తున్నా.

తాడు ఉపాయం పనిచేసింది. మొదటి సిలిండర్‌కి సగం రోజు పట్టింది, నాలుగోదానికి గంట. స్ప్రింగు తాళం ముక్కలు ఒకసారి చేతిలోంచి ఎగిరిపోయాయి, అయస్కాంతం పట్టుకుని నేల మీద పాకుతూ వెతికాను. మూడో సిలిండర్ ఇన్‌టేక్ సీళ్ళు రబ్బరులా లేవు, గోటితో గిల్లితే పెంకులా విరిగాయి. అన్నీ బిగించి మూడు రోజులు కదపకుండా వదిలేసి, ఈ పొద్దున స్టార్ట్ చేశాను. వెనక నిలబడ్డ మా తమ్ముడు పొగ కోసం ఎదురుచూసి విసుగుపుట్టి లోపలికి పోయాడు.

నట్టుబోల్టు గారికి దండం.

నట్టుబోల్టు:
వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ పుల్ల చూసి చెప్పండి. అప్పుడు పెట్టండి దండం.

ఎర్రబండి:
తప్పకుండా. ఎనిమిదివేల_కూత గారూ, మీ బండిలో ఆయిల్ చాంబర్‌కీ స్టీరింగ్ ర్యాక్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉంది? ఊరికే అడుగుతున్నా.

ఎనిమిదివేల_కూత:
ఇప్పుడే బండి కింద దూరి కొలిచాను. 12 మిల్లీమీటర్లు. ఊరికే చెబుతున్నా.